మూసిన కళ్ళు తప్పేనా?

మెట్ట సేద్యంలో స్త్రీల శ్రమ గురించి రాస్తున్న పుస్తకం కోసం, శింగనమల దగ్గర ఒక చేనులో వేరుశనగ కాయలు తెంపుతున్న ఆడవాళ్ళని ఫొటోలు తీయడానికి వెళ్ళాను. కెమెరా చూడగానే ఒక పెద్దమ్మ, "హాజరు ఫొటోనా మేడం ఇది?" అని అడిగింది. ఉపాధి హామీ పనుల దగ్గర ఫోనులో ఫొటో తీసి హాజరు వేయడం 2023 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. ఆ పథకం 2006 ఫిబ్రవరిలో మొదలైంది కూడా ఇదే జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఫొటోలో పడితేనే చేసిన పని లెక్కకొస్తుందని ఆమెకి బాగా తెలుసు. "కాదు పెద్దమ్మా, పుస్తకానికి" అన్నాను.

రెండు రోజుల్లో వెయ్యికి పైగా ఫొటోలయ్యాయి. ఇంటికొచ్చాక గడువు, మెడనొప్పి రెండూ తరుముతుంటే, పెళ్ళి ఫొటోగ్రాఫర్లు వాడే ఒక ఏఐ సాఫ్ట్‌వేర్‌కి వాటిని అప్పజెప్పాను. ఒకేలా ఉన్నవాటిని అది గుంపులు చేస్తుంది. మసకగా ఉన్నవీ, కళ్ళు మూసుకున్నవీ పక్కన పెడుతుంది. మిగిలినవాటికి నక్షత్రాలిస్తుంది. అన్నం ఉడికేలోగా పని అయిపోయింది. నిజం చెప్పొద్దూ, హాయిగా అనిపించింది.

తర్వాత, తీసేసిన ఫోల్డరు ఊరికే తెరిచి చూశాను. ఎండకి కళ్ళు చికిలించినవాళ్ళు, దుమ్ముకి కొంగు ముఖానికి చుట్టుకున్నవాళ్ళు, వేగానికి చేతులు మసకబారినవాళ్ళు అందరూ అందులోనే ఉన్నారు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా వాన పడే ఈ మెట్టనేలలో మిట్టమధ్యాహ్నం కళ్ళు విప్పార్చుకుని పనిచేసేదెవరు? పెళ్ళిపందిట్లో లోపమైనది చేనులో పని జరుగుతోందనడానికి గుర్తు.

యంత్రానికి ఈ చూపు ఎక్కడిది? ఫొటోల అందాన్ని కంప్యూటర్లకి నేర్పడానికి 2012లో 'ఏవీఏ' పేరుతో రెండున్నర లక్షలకు పైగా ఫొటోలు పోగుచేశారు. వాటికి మార్కులు వేసినవాళ్ళు ఒక ఆన్‌లైన్ ఫొటో పోటీల సైటు సభ్యులు. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన 'నీమా' ఆ మార్కుల నుంచి కూడా నేర్చుకుంది. అంటే యంత్రం మెచ్చే అందం ఒకప్పుడు కొందరు మనుషులు మెచ్చిన అందమే. ఆ కొందరిలో చేనులో కూర్చుని కాయలు తెంపినవాళ్ళు ఎందరుంటారు?

అయితే ఏరివేత ఏఐతో పుట్టింది కాదు. 1930లలో అమెరికా ప్రభుత్వం తరఫున పల్లె పేదల ఫొటోలు తీయించిన రాయ్ స్ట్రైకర్, తనకి అక్కర్లేని నెగటివ్‌లకి చిల్లులు పెట్టించేవాడు. అవి ప్రింటు వేస్తే చిల్లు పడినచోట నల్లటి సున్నా కనిపిస్తుంది.

మరి నేను? ఆ వెయ్యిలోంచి పెద్దమ్మ ఆకాశంకేసి చూస్తున్న ఫొటోనే ఏరుకునేదాన్ని. కరువంటే ముడతలు, ఆకాశం అని నాకూ ఎవరో ముందే నేర్పి పెట్టారు.

అప్పుడు పస్తాపూర్ గుర్తొచ్చింది. జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు వీడియో కెమెరా పట్టుకుని, షాట్లకి తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కిందినుంచి పైకి చూసేది బానిస షాట్. కంటికి కన్ను సమంగా ఉండేది సంఘం షాట్. తీయడంలో సంఘం షాట్ ఉన్నప్పుడు ఏరడంలో ఎందుకుండకూడదు?

పెద్దమ్మ ఉన్న ఫొటోలన్నీ, యంత్రం తీసేసినవాటితో సహా, ప్రింటు వేయించుకుని మళ్ళీ శింగనమల వెళ్ళాను. ఆమె అరుగు మీద పరుచుకుని చూసింది. ఐదు నక్షత్రాల ఫొటోని పక్కకి నెట్టింది. నా ఆకాశం ఫొటోనీ నెట్టింది. చేనులోకి దిగకముందు గట్టు మీద చేతులు దించుకుని బిగుసుకుని నిలబడ్డ ఫొటో ఒకటి తీసుకుంది.

"పనిజేసేది రోజూ అందరూ చూస్తానే ఉండారు. దీంట్లో నేనుండా" అంది.

ఆ ఫొటో నాకు ఇప్పటికీ నచ్చలేదు. సహజంగా లేదనిపిస్తుంది. కానీ ఆ సహజత్వం ఎవరి అవసరం? ఆమెదైతే కాదు. పుస్తకంలో అదే వేస్తున్నాను. ఆమె ఒప్పుకున్నాక, కళ్ళు చికిలించినది కూడా పక్కనే వేస్తున్నాను.

సాఫ్ట్‌వేర్‌ని పారేయలేదు. ఒకేలాంటివి గుంపులు చేయడానికి వాడుకుంటున్నాను. మార్కులు వేసే పని మాత్రం దానికివ్వడం మానేశాను. ఎవరిని తీసేశానో వాళ్ళెదురుగా అరుగు మీద కూర్చుని, ఎందుకు తీసేశానో చెప్పుకోవాల్సింది నేను గనక.