చేనిగట్టున కరెంటు తీగ



మొక్కజొన్న కంకి పాలుపట్టు దినములలో మన గ్రామములకు అడవిపందుల బాధ మొదలగును. మంద ఒక్క రాత్రి దిగినయెడల తెల్లవారుసరికి పంట నేలపాలగును. 80వ కీర్తనలో సహితము ద్రాక్షావల్లిని పెకలించు అడవిపందిని గూర్చిన మొఱ యున్నది. కాబట్టి చేను కాచుకొను రైతును మేము తప్పుపట్టము. అయితే ఏడవయేట బీడు విడిచిన చేనిలో బీదలు తినగా మిగిలినది అడవిమృగములదని నిర్గమకాండము 23:11 చెప్పుచున్నది. వాటికిని దేవుడు పాలు ఉంచెను.

లైనుకు కొక్కెము తగిలించి, గట్టు వెంబడి దొంగకరెంటు తీగ లాగుట విశ్వాసికి తగునా? అనుమతిలేని వేటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించినది, అది అటుండనిండు. నిర్గమకాండము 21:33, 34 చదువుడి. గొయ్యి త్రవ్వి కప్పక విడిచినవాడు, అందులో ఎద్దు పడి చచ్చినయెడల, నష్టము అచ్చుకొనవలెను. “ఎద్దుకొరకు త్రవ్వలేదు” అను సాకు అచ్చట చెల్లదు. తీగకు కన్నులు లేవు. పందియేదో, రాత్రివేళ మోటారు వేయబోవు పొరుగువాడెవడో, కన్నకొడుకెవడో దానికి తెలియదు. ఇట్లు మరణించినవారి వార్తలు పలుమారు వినుచున్నాము.

మంచె కావలి యున్నది, డబ్బా మ్రోత యున్నది, చేని చుట్టు ఆముదము విత్తుటయు కలదు. సరిగా అమర్చిన సోలారు కంచె క్షణమాత్రము అదరగొట్టి విడుచును, ప్రాణము తీయదు. ఖర్చు ఎక్కువే, కాదనము. పక్కపక్క చేలవారు కలిసి వేసికొనవచ్చును.

ఈ యేటి కోతపండుగకు కంకులు తెచ్చువారిని, చేను దేనితో కాచితిరని సంఘపెద్దలు అడుగుదురు.