అమ్మమ్మను కన్నతల్లి

మహాలయ అమావాస్యనాడు రాజమండ్రి కోటిలింగాల రేవులో తర్పణాలు విడుస్తుంటే ప్రతిసారీ ఒక్కచోట నా మనసు ఆగిపోతుంది. నాన్న, తాత, ముత్తాత. అమ్మ, నాయనమ్మ, నాన్నగారి నాయనమ్మ. తరవాత మాతామహుడు, ఆయన తండ్రి, తాత, వాళ్ళ భార్యలు. అంటే అమ్మమ్మ ఉంది, అమ్మమ్మకు అత్తగారూ ఉన్నారు. మేనత్త, మేనమామ, పిల్లనిచ్చిన మామగారు, చదువు చెప్పిన గురువు కూడా వస్తారు. అమ్మమ్మను కన్నతల్లి మాత్రం రాదు.

జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి కనక ఆవిడ ఎక్కడుందో నాకు తెలుసు. నా కణాల్లో ఉంది.

కణంలో కేంద్రకంలోని డీఎన్‌ఏను అమ్మా నాన్నా ఇద్దరూ ఇస్తారు. మైటోకాండ్రియా సంగతి వేరు. రెండు పొరలుంటాయి, లోపలి పొర ముడతలు పడి ఉంటుంది. పీల్చిన ప్రాణవాయువు చాలామట్టుకు ఖర్చయ్యేది ఆ ముడతల దగ్గరే. మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్క్‌తో కలిసి 1929లో కండరం నుంచి వేరుచేసిన, కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఎక్కువగా తయారయ్యేదీ అక్కడే. ఒకప్పుడివి స్వతంత్రంగా బతికిన బాక్టీరియాలని లిన్ మార్గులిస్ 1967లో వాదించింది. ఈనాడు శాస్త్రలోకం ఒప్పుకున్న మాట అది. అందుకే వీటికి సొంత డీఎన్‌ఏ ఉంది: 16,569 క్షారాల జతలు, 37 జన్యువులు. వీర్యకణంతో వచ్చిన నాన్న మైటోకాండ్రియా పిండం తొలిరోజుల్లోనే నశించిపోతాయి. మిగిలేవి అమ్మవి. అమ్మకు వాళ్ళమ్మవి. గోత్రం మగవాళ్ళ వెంట నడిచినట్టే ఇవి ఆడవాళ్ళ వెంట నడుస్తాయి. నా పిల్లలకు వచ్చినవి వాళ్ళమ్మవే.

నాన్న వాటా తగ్గించాలని ఇది చెప్పడం లేదు. మైటోకాండ్రియాలోని ఆ డీఎన్‌ఏ 13 ప్రోటీన్లకే సరిపోతుంది. వాటికి కావలసిన మిగతా వెయ్యికి పైగా ప్రోటీన్లకు కేంద్రకమే దిక్కు, అందులో నాన్న ఉన్నారు.

తర్పణాలు చేయించే మా శాస్త్రిగారి దగ్గర అమ్మమ్మ తల్లి మాట ఎత్తితే, "చివర్న పేరూ గోత్రం తెలియనివాళ్ళకి నీళ్ళు విడుస్తాం కదా నాయనా, ఆవిడకీ అందుతాయి" అన్నారు. అందులో దయ ఉంది, కాదనను. కానీ పితృఋణమంటే ఈ ఒంటిని ఇచ్చినవాళ్ళకు మనం పడ్డ బాకీ. నా గుండె కొట్టుకోడానికి శక్తి పుట్టించే కణాంగం ఎవరి కడుపు నుంచి నడిచి వచ్చిందో, ఆవిణ్ణి ఊరూపేరూ లేనివాళ్ళలో కలిపేస్తే ఆ బాకీ తీరదు. మంత్రం మార్చమని నేననడం లేదు. ఆ వరసలో ఇంకొక పేరు చెప్పి నువ్వులూ నీళ్ళూ వదిలితే ఏ ధర్మానికీ లోటు రాదు.

మీ అమ్మమ్మ తల్లి పేరు తెలిసినవాళ్ళు ఇంట్లో ఇంకా ఉంటే, ఈ అమావాస్యలోపే అడిగి రాసి పెట్టుకోండి.