మాట అనే అప్పు

మాది తుళ్లూరులో సిమెంటు, ఇనుము కొట్టు. 2015 విజయదశమినాడు ఉద్దండరాయునిపాలెంలో రాజధాని అమరావతికి శంకుస్థాపన చేస్తూ ఊరూరి మట్టీ నీరూ తెచ్చి కలిపారు. నేనూ దండం పెట్టుకున్నాను. అప్పు తెచ్చి గోడౌను కట్టాను. 2019 డిసెంబరు 17న అసెంబ్లీలో కొత్త ప్రభుత్వం నోట మూడు రాజధానుల మాట వినబడింది. ఆ సంక్రాంతికి మా కొట్టు ముందు ఒక్క ట్రాక్టరూ ఆగలేదు.

“అంతా ప్రాప్తం నాయనా” అంది అమ్మ. ఆ మాట నాకు ఎంతకీ మింగుడు పడలేదు.

మనిషి పడే బాధలను పెద్దలు తాపత్రయమని మూడుగా విడదీశారు. తనలోంచి పుట్టేది ఆధ్యాత్మికం, తోటి ప్రాణుల వల్ల కలిగేది ఆధిభౌతికం, వానా వరదల్లా వచ్చిపడేది ఆధిదైవికం. 2009 అక్టోబరులో కృష్ణ పొంగి లంకల్లో పంట పోయింది. నీరు తీయగానే రైతులు మళ్లీ విత్తనం పట్టారు. మాట తప్పావని ఏటిని ఎవరూ నిలదీయలేదు. ఏరు ఎవరికీ మాటివ్వలేదు కదా! కానీ రాజధానికి 29 గ్రామాల రైతులు 30 వేల ఎకరాలకు పైగా ఇచ్చింది ఒక మాట మీదే. మాట తప్పడం వల్ల వచ్చిన కష్టాన్ని దైవం ఖాతాలో రాస్తే అది దొంగ పద్దు. వ్యాపారి నష్టానికి వెరవడు. ఇచ్చిన మాటకు ఎన్నికల దాకానే ఆయుష్షంటే మాత్రం గల్లాపెట్టెకు తాళం వేస్తాడు.

అయితే పాత పాలకుడి మాట కొత్త పాలకుణ్ణి కట్టేస్తుందా? కొత్తవారికీ ప్రజలే కదా అధికారమిచ్చింది! ఈ చిక్కుముడి నాకు రామాయణంలో విడింది. కైకకు వరాలిచ్చింది దశరథుడు, అడవికి వెళ్లింది రాముడు. తానివ్వని మాటను తన అప్పుగా మోశాడు. తండ్రి బాకీ కొడుకు తీర్చడం మా బజారులో ఇప్పటికీ మర్యాదే. దారి మార్చుకునే హక్కు కొత్తవారికి ఉంది. ముందు ఆ బాకీ తీర్చాలి.

2024లో ప్రభుత్వం మళ్లీ మారింది. 2025 మే 2న పనులు మళ్లీ మొదలయ్యాయి. ట్రాక్టర్లు వస్తున్నాయి. “ఈసారైనా నిలుస్తదా అన్నా?” అని మొన్న ఓ మేస్త్రీ అడిగాడు. నిలుస్తుందని నేనెలా ఒట్టేయను? తెల్లారేసరికి ఇనుము ధర పెరిగింది. ముందురోజు అతనికి చెప్పిన రేటుకే తూచి ఇచ్చాను.