ఎవరి చేతి వాద్యం?

ఇష్టపడి కూడబెట్టుకున్న వస్తువుల మీద మనకి ఎంత హక్కు ఉంటుంది? డబ్బిచ్చి కొన్నాను కాబట్టి నాది అనడం చట్టం మాట. ప్రేమించాను కాబట్టి నాది అనడం ఇంకో మాట. రెండోది వినడానికి అందంగా ఉంటుంది. అందుకే దాన్ని కాస్త నిదానంగా చూడాలనిపిస్తుంది నాకు. ‘ప్రేమించాను కాబట్టి నాది’ అనే మాట ఆడవాళ్లం చాలామంది నోట విన్నదే కదా!

పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ తను ఏళ్ల తరబడి దాచుకున్న గిటార్లలో 120కి పైగా 2019 జూన్‌లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ ద్వారా వేలం వేశాడు. బ్లాక్ స్ట్రాట్ అని పేరుపడ్డ నల్ల ఫెండర్ గిటార్ ఒక్కటే 39 లక్షల 75 వేల డాలర్లు పలికింది. మొత్తం సుమారు 2 కోట్ల 15 లక్షల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బుని పర్యావరణం కోసం న్యాయపోరాటాలు చేసే క్లయింట్‌ఎర్త్ సంస్థకి ఇచ్చేశాడు. ప్రేమించిన వాటిని అలా వదులుకోగలగడం చిన్న విషయం కాదు. అతని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. నా ప్రశ్న వేరే. అంత ధర పలికే వాద్యంలో ఎవరెవరి చేతులున్నాయి?

ఆ గిటార్‌ని అతను 1970లో న్యూయార్క్‌లో ఒక దుకాణంలో కొన్నాడు. తర్వాత దాని మెడని చాలాసార్లు మార్చాడు. పికప్‌లు మార్చాడు. ఇన్ని మారాక కూడా అది ఆ గిటారేనని అందరూ ఒప్పుకుంటారు. అంటే వాద్యానికి ప్రాణం పోసేది చెక్కా, తీగా కాదు, వాయించిన వేళ్లే అన్నమాట. ఇలాంటి వాటిని సేకరించేవాళ్ల వాదన ఇదే. ఇందులో నిజముంది. అటక మీద పడి ఉన్న గిటారూ, ఒక మనిషి జీవితమంతా వాయించిన గిటారూ ఒకటేనని నేననను. కానీ ఈ వాదన వాయించే చేతి దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. ఆ చేతికి ముందు ఇంకా చేతులున్నాయి.

పికప్ అంటే తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే భాగం. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకలాంటి సన్నటి రాగి తీగని వేల చుట్లు చుట్టాలి. పాతరోజుల్లో యంత్రం తిరుగుతుంటే తీగని వేళ్లతో నడిపించేవాళ్లు. బిగువు ఎక్కువైతే తెగిపోతుంది. చెయ్యి కదిలేదాన్ని బట్టి చుట్లు కాస్త అటూ ఇటూ పడతాయి. ఆ హెచ్చుతగ్గులే ధ్వనికి ఒక ప్రత్యేకత ఇస్తాయని గిటారిస్టులు మురిసిపోతారు. కాలిఫోర్నియాలోని ఫెండర్ ఫ్యాక్టరీలో ఈ పని చేసినవాళ్లలో మెక్సికన్ మూలాలున్న స్త్రీలు చాలామంది. అబిగైల్ యబార్రా 1956లో చేరి 2013 దాకా అక్కడ పనిచేసింది. 1954 నాటి స్ట్రాటోకాస్టర్లు విప్పితే కొన్నిటి లోపల చిన్న టేపు ముక్క మీద మేరీ అనో గ్లోరియా అనో రాసి ఉంటుంది. గిటార్ అసలైనదేననడానికి ఇవాళ అదొక రుజువు. పనిచేసిన మనిషి పేరు, కొన్నవాడి ఆస్తిలో భాగమైపోయింది.

పేరు గురించే ఇంకో కథ. 1949లో అర్కాన్సాలోని ట్విస్ట్ అనే ఊళ్లో బి.బి. కింగ్ వాయిస్తున్న డాన్సు హాలులో ఇద్దరు మగవాళ్లు కొట్టుకున్నారు. చలికి వెలిగించిన కిరోసిన్ పీపా దొర్లి హాలు అంటుకుంది. బయటపడ్డ కింగ్, గిటార్ కోసం మళ్లీ మంటల్లోకి వెళ్లాడు. ఆ గొడవ లూసిల్ అనే ఆమె గురించని తర్వాత తెలిసింది. అలాంటి పిచ్చిపని ఇంకెప్పుడూ చెయ్యకూడదని గుర్తుండడానికి గిటార్‌కి ఆ పేరే పెట్టానని అతను చెప్పేవాడు. ఆ తర్వాత అతని గిటార్లన్నీ లూసిల్‌లే. 1980లో గిబ్సన్ కంపెనీ ఆ పేరుతో ఒక మోడల్‌ని కూడా తెచ్చింది. గిటార్ జగత్ప్రసిద్ధమైంది. ఆ హాలులో పనిచేసిన లూసిల్ ఏమైందో ఆ కథ చెప్పదు.

అదే గిబ్సన్ కంపెనీ, రెండో ప్రపంచయుద్ధ కాలంలో మగవాళ్లు సైన్యానికి వెళ్లాక, మిషిగన్‌లోని కలమజూ ఫ్యాక్టరీలో స్త్రీలని పనిలో పెట్టుకుంది. వాళ్లు వేల గిటార్లు తయారుచేశారు. కంపెనీ చరిత్ర మాత్రం యుద్ధకాలంలో గిటార్లు చెయ్యలేదన్నట్టే చెప్పుకొచ్చింది. జాన్ థామస్ అనే న్యాయశాస్త్ర అధ్యాపకుడు ఫ్యాక్టరీ ముందు నిలబడ్డ స్త్రీల ఫోటో ఒకటి చూసి, వాళ్లలో బతికున్నవాళ్లని వెతికి, మాట్లాడి పుస్తకం రాసేదాకా ఆ పని ఎవరిదో లోకానికి పట్టలేదు. ఆ గిటార్లని మాత్రం అప్పటికే జనం అపురూపంగా దాచుకుంటున్నారు.

వాళ్లకి జీతాలిచ్చారు కదా, లెక్క అక్కడితో సరి అనొచ్చు. మరి చిత్రకారుడి సంగతేమిటి? బొమ్మ అమ్మినప్పుడు అతనికీ డబ్బు ముట్టింది. అయినా ఆ బొమ్మ చేతులు మారి అమ్ముడైనప్పుడల్లా అందులో కొంత భాగం అతనికి చెందాలని ఫ్రాన్సు 1920లోనే చట్టం చేసింది. రాగితీగ చుట్టినామెకి అలాంటి హక్కు ఊహకైనా రాదెందుకని? అతన్ని కళాకారుడన్నారు, ఆమెని పనిమనిషన్నారు కాబట్టి. ఈ గీత మనకి కొత్త కాదు. కాన్వాసు మీది గీతల్ని కళ అన్నవాళ్లే వాకిట్లో ముగ్గుని, పాతచీరలతో కుట్టిన బొంతని ఇంటిపని అన్నారు.

వాయించినవాడి గొప్పతనం దీనితో తగ్గదు. అతను గిటార్‌ని ప్రేమించడమూ అబద్ధం కాదు. అయితే ప్రేమ దేనిమీదా పట్టా ఇవ్వదు. ప్రేమించినదాని పుట్టుక తెలుసుకునే బాధ్యత మాత్రం మీద పెడుతుంది. పేరు చెప్పడం అందులో మొదటి మెట్టు. పేరుతోనే సరిపెడితే ఏమవుతుందో ఆ టేపు ముక్క చూపిస్తూనే ఉంది: పేరు ఆమెది, దానికి పలికిన ధర మరొకరిది. వాటా మాట ఎత్తకుండా చెప్పే కృతజ్ఞతలు ఎంత మర్యాదగా ఉన్నా, స్త్రీలు వాటిని అనుమానంగానే వినాలి.