లాకప్‌లో మాట ఎవరిది?

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల కోళ్ల ఫారాల్లోనో, వెంచర్లలోనో పనిచేసే లంబాడీ కుర్రాడిని దొంగతనం అనుమానంతో స్టేషన్‌కు తీసుకెళ్లారనుకుందాం. ఇంట్లో అతని భాష గోర్ బోలి. భయంలో తెలుగు తడబడుతుంది. తెల్లారేసరికి కాగితం మీద మాత్రం గడగడా నడిచే తెలుగు: ‘నా నేరాన్ని స్వచ్ఛందంగా ఒప్పుకుంటున్నాను’. ఆ వాక్యం ఎవరిది?

పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదు. 1872 సాక్ష్య చట్టంలోని ఈ నియమం, 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్‌గా ఉంది. అయితే నిందితుడు చెప్పినదాన్ని బట్టి వస్తువు దొరికితే ఆ మేరకు మాట చెల్లుతుంది. దెబ్బలకు దారి అక్కడే.

మనకిది కొత్త కాదు. బ్రిటిష్ వాళ్ల నేరస్త జాతుల చట్టం ఎరుకలవారిని పుట్టుకతోనే అనుమానితులను చేసింది. 1952లో అది రద్దయింది, చూపు మాత్రం పోలేదు. 2023 ఆగస్టులో మన నగరానికి అవతలి కొసన, ఎల్బీనగర్ స్టేషన్‌లో ఒక లంబాడీ మహిళను కొట్టారన్న ఆరోపణపై హైకోర్టు తానుగా కేసు తీసుకుంది.

2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు, ప్రతి స్టేషన్‌లో మాట కూడా వినిపించే సీసీ కెమెరాలు పెట్టాలని, రికార్డును కనీసం ఏడాది దాచాలని చెప్పింది. మంచిదే. కానీ వరండాను చూసే కెమెరా వేరు, ప్రశ్ననూ జవాబునూ మొదటి నుంచి చివరిదాకా పట్టుకునే రికార్డింగు వేరు. అలాస్కా సుప్రీంకోర్టు దాన్ని 1985లోనే తప్పనిసరి చేసింది. మన కొత్త చట్టం ఇంటి సోదాను వీడియో తీయమంటుంది, మనిషిని ప్రశ్నించేటప్పుడు తీసి తీరాలని మాత్రం అనదు. బీరువాకున్న రక్షణ మనిషికి లేదు!

కెమెరా ముందు ఎవరూ నిజం చెప్పరని కొందరు అధికారులు అంటారు. కెమెరా లేనప్పుడు చెప్పింది నిజమేనని వాళ్లకెలా తెలిసింది? ఇన్‌ఫార్మర్ల పేర్లు బయటపడతాయన్న భయం న్యాయమైనదే. రికార్డును సీలు వేసి మేజిస్ట్రేటు దగ్గర ఉంచితే సరిపోతుంది. కొట్టని పోలీసుకు కూడా అదే సాక్ష్యం.

రికార్డింగు జీపు ఎక్కించినప్పుడే మొదలవ్వాలి. అది లేకపోతే 23వ సెక్షన్ మినహాయింపు వర్తించకూడదు. గోర్ బోలిలో, ఎరుకల భాషలో, కోయలో అన్న మాట అలాగే నిలవాలి, అనువాదం తర్వాత. ఈలోగా టీచర్లు పిల్లలకు ఒక సంగతి చెప్పవచ్చు: 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలు దొరుకుతాడు. విచారణ నడుస్తుండగా అతన్ని కలిసే హక్కూ ఉంది.