భూమికి భూమి ఇస్తే బాకీ తీరుతుందా?

పోలవరం ముంపు ఊళ్ల మాట వస్తే ఎవరో ఒకరు అంటారు: "భూమికి భూమి ఇస్తున్నారు కదా, ఇంకేం కావాలి?" ఈ ప్రశ్నకు జవాబు వెతికేవాళ్లు పసిఫిక్ సముద్రంలోని బనాబా దీవి కథ తెలుసుకోవాలి.

బనాబా ఇప్పుడు కిరిబాటి దేశంలో భాగం. మొత్తం కలిపి సుమారు 6 చదరపు కిలోమీటర్లే. నది లేదు, వాగు లేదు. వాన లేని రోజుల్లో నేల కింది గుహల్లో ఊరే నీళ్లే దిక్కు. ఆ గుహల్లోకి ఆడవాళ్లే దిగేవారు. చీకట్లో ఏ సందులోంచి పాకితే నీళ్లు దొరుకుతాయో వాళ్లకే తెలుసు.

1900లో ఒక బ్రిటిష్ కంపెనీ అక్కడ ఫాస్ఫేట్ కనిపెట్టింది. ఏడాదికి 50 పౌండ్లు, 999 ఏళ్లు. ఇదీ ఒప్పందం! మన తాతల వేలిముద్రలు గుర్తుకు రావడం లేదూ? 1979 దాకా తవ్వారు. ఆ మట్టి ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ పొలాలకు ఎరువైంది. దీవిలో చాలాచోట్ల మిగిలింది మొనదేలిన రాళ్లే.

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం బనాబా జనాన్ని వేరే దీవులకు తరలించింది. యుద్ధం అయ్యాక బ్రిటిష్‌వాళ్లు వాళ్లను ఇంటికి చేర్చలేదు. 1945 డిసెంబర్ 15న ఫిజీలోని రాబి దీవిలో, తుఫానుల కాలంలో, గుడారాల్లో దించారు. రాబి బనాబా కంటే పది రెట్లు పెద్దది. పచ్చనిది, వాగులున్నది. దాన్ని కొన్నది కూడా బనాబన్ల ఫాస్ఫేట్ డబ్బుతోనే.

అక్కడ వాళ్లు నాలుగు ఊళ్లు కట్టుకుని పాత పేర్లే పెట్టుకున్నారు: ఉమా, తబ్వెవా, తబియాంగ్, బువాకొనికాయ్. పేర్లు వెంట వచ్చాయి. గుహల విద్యకు మాత్రం వాగులున్న చోట పనిలేదు. నీళ్ల కోసం గుహలో పాకడం కష్టమే, కాదనను. కానీ నీళ్ల దారి ఎవరికి తెలుసో ఊళ్లో వాళ్ల మాటకు బరువుంటుంది. ఆ బరువును పరిహారం పట్టికలో ఏ గడిలో రాస్తారు?

బనాబన్లు లండన్ కోర్టుకెక్కారు. న్యాయమూర్తి మెగారీ స్వయంగా ఆ దీవికి వెళ్లి చూసి వచ్చారు. 1976లో తీర్పు చెబుతూ, ప్రభుత్వానికి వాళ్లపట్ల ఉన్నది కోర్టు అమలు చేయించగల బాధ్యత కాదన్నారు. చట్టం అక్కడ ఆగింది. బాకీ కూడా అక్కడే ఆగిందని నేను ఒప్పుకోను. తర్వాత కిరిబాటి రాజ్యాంగం బనాబన్లకు పార్లమెంటులో ఒక సీటు ఉంచింది, తమ దీవికి వెళ్లి ఉండే హక్కు ఇచ్చింది. భూమి ఇచ్చాం కాబట్టి సంబంధం తెగిపోయిందని అది అనలేదు.

ఇంకో సంగతి ఉంది. ఇది మింగుడుపడటం కష్టం. రాబి ఖాళీ దీవి కాదు. దాని సొంత జనాన్ని పందొమ్మిదో శతాబ్దంలో యుద్ధం తర్వాత వెళ్లగొట్టి, దీవిని అమ్మేశారు. వాళ్ల వారసులు పక్కనున్న తవెయుని దీవిలో ఉన్నారు. ఇందులో బనాబన్ల తప్పు లేదు, వాళ్లను అడిగి దించలేదు. మన పునరావాస కాలనీలకు పొలం చూపించినప్పుడు కూడా, నిన్నటిదాకా ఆ పొలం ఎవరు దున్నారో, వాళ్లిప్పుడు ఎక్కడున్నారో మన పిల్లలు అడగాలి. కాగితంలో ఆ పేరు ఉండదు. పక్క ఊరి ముసలమ్మకు తెలిసి ఉంటుంది.