కవచం ధరించినవాడు, ఆయుధం ఇచ్చినవాడు

సైనికుడు ఒంటిమీద మోసే సామగ్రి చరిత్రను సాధారణంగా లోహాల చరిత్రగా రాస్తారు. భారతీయ ధర్మశాస్త్రం మాత్రం ఆ సామగ్రిని నైతిక విషయంగా చూసింది. మనుస్మృతి ఏడవ అధ్యాయం విషం పూసిన బాణాలను, నిప్పుతో మండే బాణాలను నిషేధిస్తూ, కూటాయుధాలను, అంటే పైకి హాని లేనట్టు కనిపించి లోపల పదును దాచుకున్న ఆయుధాలను కూడా నిషేధించింది. నిద్రపోతున్నవాణ్ణి, కవచం లేనివాణ్ణి, నిరాయుధుణ్ణి కొట్టరాదని ఆ వెంటనే చెప్పింది. ఈ నియమాలను కలిపి చదివితే, కవచం తొడుక్కున్నవాడు తాను యుద్ధానికి సిద్ధపడి వచ్చానని, తనను కొట్టడం అధర్మం కాదని ఎదుటివాడికి బాహాటంగా తెలియజేస్తున్నాడని అర్థమవుతుంది.

కవచానికి దైవత్వం ఆపాదించడం అంతకంటే పాతది. ఋగ్వేదం ఆరవ మండలంలోని 75వ సూక్తం కవచాన్ని, వింటిని, అల్లెతాటిని, అమ్ములపొదిని ఒక్కొక్కటిగా స్తుతిస్తుంది. మహాభారత ద్రోణపర్వంలో ద్రోణుడు మంత్రపూర్వకంగా కట్టిన కవచం మీద బాణాలు పనిచేయకపోతే, అర్జునుడు దుర్యోధనుడి అరచేతులను, అంటే కవచం కప్పని చోటును, చూసి కొట్టాడు. తర్వాతి కాలంలోనూ ఛాతీకి, వీపుకు, రెండు పక్కలకు నాలుగు ఉక్కు పలకలు అమర్చే మొగలాయి కవచం ‘చార్ ఐనా’ మీద ఖురాన్ వాక్యాలు చెక్కించుకునేవారు.

మనువు చెప్పిన నియమాలు ఆచరణలో ఎంత పెళుసైనవో 1664 జనవరిలో సూరత్ చూసింది. శివాజీ సేన నగరం మీదికి వచ్చినప్పుడు మొగలాయి పాలకుడు ఇనాయత్ ఖాన్, తపతీ తీరాన పోర్చుగీసువారిని అడ్డుకోవడానికి 1540లలో కట్టిన కోటలోకి వెళ్లి తలుపులు మూసుకున్నాడు. ఐదు వందల మంది సైనికుల జీతం ఖజానా నుంచి తీసుకుంటూ కూడా అతడు సరైన బలగాన్ని పోషించలేదని నాటి కథనాలు చెబుతాయి. అతడు సంధి మాటల కోసమని పంపిన యువకుడు మాట్లాడుతూ మాట్లాడుతూనే దాచిన బాకు తీసి శివాజీ మీదికి దూకాడు. అంగరక్షకుడు ఒక్క వేటుతో అతడి చేతిని నరికినా ఆ ఊపు ఆగక, తెగిన చేతితోనే వచ్చి తాకగా ఇద్దరూ నేల మీద దొర్లారు. శివాజీ ఒంటి మీది రక్తం చూసి, ఆయన చనిపోయాడనుకున్న సైనికులు నగరంలో పట్టుకున్న బందీలందరినీ చంపాలని కేకలు పెట్టారు. ఆయన లేచి ఆ ఊచకోతను ఆపినా, కొందరు బందీల తలలు, మరికొందరి చేతులు తెగిపడకుండా పోలేదు. ఆ బందీలు ఎవరి మీదా బాకు దూయలేదు. రాయబారి వేషంలో ఆయుధం దాగి ఉండవచ్చని ఒకసారి తేలాక, చేతిలో ఏమీ లేని ప్రతివాడూ అనుమానితుడవుతాడు. మనువు కూటాయుధాన్ని నిరాయుధుడి రక్షణకు పక్కనే ఉంచి మాట్లాడడంలోని వివేకం ఇక్కడ బోధపడుతుంది. అయితే తప్పును ఒక పక్షానికే అంటగట్టడం న్యాయం కాదు. 1659లో ప్రతాప్‌గఢ్ దగ్గర బీజాపూర్ సేనాని అఫ్జల్ ఖాన్‌ను కలిసినప్పుడు శివాజీ కూడా అంగరఖా కింద ఇనుప గొలుసుల చొక్కా తొడుక్కుని, పిడికిట్లో పులిగోళ్ల వంటి ఆయుధం దాచుకుని వెళ్లాడని చరిత్రకారులు రాశారు.

తుపాకి తూటా ఉక్కు పలకను చీల్చగలిగాక ఒంటి కవచం క్రమంగా బరువుగానే మిగిలి, దాని స్థానంలో సైనికుణ్ణి గుర్తుపట్టించే పని యూనిఫారానికి దక్కింది. పౌర సేనలు సైతం దూరం నుంచి కనిపించే స్థిరమైన చిహ్నం ధరించాలని, ఆయుధాలను బాహాటంగా మోయాలని 1907 నాటి హేగ్ నిబంధనలు కోరాయి. అయినా 1915లో ఉక్కు శిరస్త్రాణం ఐరోపా కందకాల్లోకి తిరిగి వచ్చింది. భారత సైన్యం కోసం 2018లో 1,86,138 బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ల కొనుగోలుకు ఒప్పందం కుదిరింది. అయితే ఈ కొత్త కవచాన్ని గుర్తుపట్టవలసిన కన్ను ఇప్పుడు ఎదురుగా లేదు. సూరత్ పక్కనే ఉన్న హజీరాలో ఎల్ అండ్ టీ కర్మాగారం తయారుచేసే కె-9 వజ్ర ఫిరంగిలో ఐదుగురు సైనికులు ఒకే ఉక్కు కవచంలో కూర్చుంటారు. దాని 155 మిల్లీమీటర్ల గుండు దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో పడుతుంది. అంత దూరాన ఉన్నవాడు కవచం ధరించాడో, నిద్రపోతున్నాడో ఫిరంగి దగ్గరి సైనికుడి కంటికి కనబడదు.

కొట్టేవాడి చూపు మీద ఆధారపడిన ధర్మం ఇక్కడ సరిపోదు. గుజరాత్ నేల మీదే పుట్టిన మరో ఆలోచన ఇంకొంచెం దూరం తీసుకువెళుతుంది. రాజు కుమారపాలుడి కోరిక మీద 12వ శతాబ్దంలో జైన పండితుడు హేమచంద్రాచార్యుడు రాసిన యోగశాస్త్రం జైన గృహస్థులకు పనికిరాని వ్యాపారాలను చెబుతూ, ఆయుధాల అమ్మకాన్ని విషం అమ్మకంతో కలిపి లెక్కిస్తుంది. హింసాసాధనాలను ఇతరుల చేతికి ఇవ్వడాన్ని జైన శాస్త్రం అనర్థదండంలో, అంటే నిష్కారణంగా పాపం మూటగట్టుకునే పనుల్లో, చేర్చింది. ఈ దృష్టితో చూస్తే, నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు పర్షియా దాకా వెళ్లి కత్తులైనప్పుడు, ఆ కమ్మరికి, ఆ సరుకు మోసిన వర్తకుడికి కూడా వేటులో ఎంతో కొంత వాటా ఉంటుంది.

అలాగని ఈ సూత్రాన్ని అంతటితో వదిలేయడం కుదరదు. మీదికి వచ్చినవాణ్ణి అడ్డుకోవడంలో జరిగే హింసను, అంటే విరోధి హింసను, జైన సంప్రదాయమే గృహస్థుకు పూర్తిగా నిషేధించలేదు. అడ్డుకునేవాడికి ఆ వెసులుబాటు ఉంటే, అతడికి డాలు అందించినవాడికీ ఉండాలి. ఇనాయత్ ఖాన్ కాపలాకు చాలినంత మందికి ఆయుధం ఇవ్వకుండా కూడబెట్టిన జీతాల ఫలితాన్ని సూరత్ వర్తకులు నాలుగైదు రోజులు అనుభవించారు. కనుక ఇవ్వడమే దోషమని కాక, ఎవరిని కాపాడడానికి ఇస్తున్నారో, అది ఎవరి మీద పడుతుందో తెలుసుకునే బాధ్యత తయారుచేసేవాడికి, పన్ను కట్టి దాన్ని కొనే పౌరుడికి కూడా ఉంటుందని చెప్పడమే హేమచంద్రుడి నియమానికి నేడు తగిన వ్యాఖ్యానం.